మన పేట ప్లాను గీసేటప్పుడు మనం ఎక్కడ ఉండాలి? సలహాలు కావాలి

మూలమలుపు:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా పేటలో లోపలి రోడ్లు, మురుగుకాలువ, ఏళ్ళ తరబడి చెత్త పడుతున్న ఒక ఖాళీ స్థలం, ఈ మూడూ కలిపి బాగుచేస్తామని అధికారులు ముందుకొచ్చారు. మంచిదే, ఎవరూ కాదనరు. అభిప్రాయ సేకరణ అని మీటింగు కూడా పెట్టారు. తీరా వెళ్ళి చూస్తే ప్లాను అప్పటికే గీసి, రంగులు వేసి, గోడకి అతికించి ఉంది. చెట్లెక్కడ, బెంచీలెక్కడ, గేటు ఎటువైపు, అన్నీ తేలిపోయాయి. ఏమైనా సలహాలుంటే చెప్పండి అన్నారు. నలుగురైదుగురు మాట్లాడారు, ప్రతిసారీ మాట్లాడేవాళ్ళే. వచ్చినవాళ్ళ చేత రిజిస్టరులో సంతకాలు పెట్టించుకున్నారు. ఆ సంతకాలే రేపు ప్రజలు ఆమోదించారనే మాటగా మారి ఫైల్లోకి వెళ్తాయని నా భయం.

పనులు ఇంకా మొదలవలేదు, కాబట్టి సమయం ఉంది. ఆ ప్లాను మొత్తం తప్పని నేననను. కానీ వానాకాలంలో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, ఏ మలుపులో బండ్లు పిల్లల మీదికి వస్తాయో, ఏ సందులో లైటు లేక ఆడవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్తారో అక్కడ ఉండేవాళ్ళకే తెలుసు. అదంతా ప్లానులోకి ఎక్కాలంటే ఏం చెయ్యాలి? ఎక్కడైనా ఇది నిజంగా జరిగిందా, జరిగితే ఎలా జరిగింది? తెలిసినవాళ్ళు చెప్పండి.

తూర్పుగాలి:
మీరు చెప్పిన మీటింగు లాంటివి ప్రపంచమంతా ఉన్నాయండి. షెర్రీ ఆర్న్‌స్టీన్ అని అమెరికాలో ప్రభుత్వ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖలో పనిచేసినావిడ 1969లోనే దీని గురించి రాసింది. ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగు రెండు మెట్లు భాగస్వామ్యమే కాదు, జనాన్ని తమ దారికి తెచ్చుకోవడం. ఆ పైన మూడు: సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, ఒకరిద్దరిని కమిటీలో కూర్చోబెట్టి బుజ్జగించడం. ఇవి పైపై తంతులే అంది ఆవిడ, ఎందుకంటే విన్నదాన్ని పట్టించుకోవాలన్న పూచీ ఎవరి మీదా ఉండదు. పై మూడు మెట్లకు వెళ్తేనే నిర్ణయంలో జనానికి నిజమైన చెయ్యి ఉంటుంది.

మీ మీటింగు కింద నుంచి నాలుగో మెట్టు. కాబట్టి మొదట అడగాల్సింది బెంచీ ఎక్కడ అని కాదు. ఈ ప్లానులో ఇంకా ఏవేవి మారగలవు, ఏవి మారవు, మార్చే అధికారం ఎవరిది, ఏ తేదీలోపు? ఇది రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాక గానీ మీ శ్రమ ఎక్కడ పెట్టాలో తెలియదు.

కొలబద్ద:
చాలా ఏళ్ళుగా డ్రైనేజీ పనులే నా ఉద్యోగం, కాబట్టి రెండోవైపు మాట కూడా వినండి. మురుగునీరు వాలును బట్టి పారుతుంది, ఓట్లను బట్టి కాదు. ఒక వీధివాళ్ళు రోడ్డు ఎత్తు పెంచమంటారు, పెంచితే పక్కవీధి ఇళ్ళల్లోకి నీళ్ళొస్తాయి. ప్రతి ఇంటివాళ్ళూ మ్యాన్‌హోలు మా గుమ్మం ముందు వద్దంటారు. అందరినీ అడుగుతూ కూర్చుంటే మంజూరైన నిధులు గడువు దాటి వెనక్కి పోతాయి. పోయాక మళ్ళీ తిట్టేది మమ్మల్నే. జనం మాట వినాలి, నేను ఒప్పుకుంటాను, కానీ లెవెల్స్, అంటే నేల ఎత్తుపల్లాలు చూసి గీసే పని ఇంజనీరుకి వదిలెయ్యండి.

గోరువంక:
> ఇంజనీరుకి వదిలెయ్యండి

కొలబద్ద గారూ, మీరు చెప్పిన సమస్య నిజమే. కానీ సరిగ్గా ఆ మురుగుకాలువ విషయంలోనే కరాచీలో జరిగింది వేరు. ఒరంగీ అనే పెద్ద బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త పని మొదలుపెట్టాడు. అది అనధికారంగా వెలసిన బస్తీ, డ్రైనేజీ అంతా ప్రభుత్వం వేసేదాకా ఆగితే ఎప్పటికి వస్తుందో తెలియదు. పనిని రెండు భాగాలు చేశారు. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో పైపులైను, సందులన్నీ కలిసే చిన్న కాలువ, ఇవి జనం సొంత డబ్బుతో వేసుకునేవి. పెద్ద కాలువలు, శుద్ధి చేసే ప్లాంటు ప్రభుత్వం పని. ఒక్కో సందులో ఇరవై ముప్ఫై ఇళ్ళు, వాళ్ళే తమలో ఒకరిని మేనేజరుగా ఎన్నుకుని, డబ్బు వసూలు చేసుకుని, పని దగ్గర నిలబడి చేయించుకున్నారు.

ఇంజనీర్లని పక్కన పెట్టలేదు, అది గమనించండి. సర్వే చేసి, లెవెల్స్ తీసి, నక్షా గీసి, అంచనా వేసి, పనిముట్లు ఇచ్చింది సాంకేతిక బృందమే. కాంట్రాక్టరుతో చేయిస్తే అయ్యేదానికన్నా చాలా తక్కువలో పని అయింది. తర్వాత పైపు పూడుకుపోతే ఎవరికి చెప్పాలో తెలియక నిలబడాల్సిన అవసరం లేకపోయింది, తామే వేసుకున్నారు గనక పూడిక కూడా తామే తీసేసుకున్నారు. ఏ పైపు ఎక్కడుందో ఆ సందులో అందరికీ తెలుసు.

పేదవాళ్ళు సొంత ఖర్చుతో ఎందుకు వేసుకోవాలి, అది ప్రభుత్వ బాధ్యత కదా అనే విమర్శ ఉంది, అది తీసిపారేసేది కాదు. నేను చెప్పేదల్లా, లెవెల్స్ మీ దగ్గర ఉంటే సందు సంగతి వాళ్ళ దగ్గర ఉంది, రెండూ ఒకే కాగితం మీదికి రావాలి.

నీలిగొడుగు:
అందరూ జనం జనం అంటున్నారు. ఏ జనం? మీటింగు ఎన్ని గంటలకు పెట్టారు, ఎవరు రాగలిగారు అని ఒక్కరూ అడగలేదు. సాయంత్రం ఏడింటికి పెడితే వంట, పిల్లల చదువు వదిలి ఎవరొస్తారు? పగలు పెడితే కూలిపనికి వెళ్ళేవాళ్ళు రారు. మేడ మీద హాల్లో పెడితే మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు రారు. వచ్చిన ఆడవాళ్ళు కూడా మైకు దగ్గరికి వెళ్ళరు, వాళ్ళ మామగారో బావగారో ముందు వరసలో కూర్చుని ఉంటే ఏం మాట్లాడతారు?

వియన్నా ఉదాహరణ చెప్తాను. 1990ల్లో అక్కడ గమనించిందేమిటంటే, తొమ్మిది పదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోంది. మగపిల్లలు మాత్రం వస్తూనే ఉన్నారు. పార్కంటే మధ్యలో ఒక పెద్ద ఆటస్థలం, చుట్టూ కంచె, ఒక ద్వారం. దాన్ని బలంగా ఉన్న గుంపు ఆక్రమిస్తే మిగతావాళ్ళకి చోటుండదు. 1999లో రెండు పార్కుల్ని మార్చి చూశారు. దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ లాంటివి పెట్టారు, ఖాళీ జాగాని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. ఎవరు వస్తున్నారు, ఎవరు రావట్లేదు అని ముందు లెక్క చూశారు గనకే ఆ మార్పులు తట్టాయి. ఆ రాని పిల్లలు ఏ మీటింగుకీ వచ్చి మాకు చోటు లేదని ఫిర్యాదు చెయ్యలేదు కదా.

ఇంకోటి, చీకటి పడ్డాక పేటలో కలిసి నడవండి. టొరంటోలో 1989లో మెట్రాక్ అనే సంస్థ మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత చాలా దేశాలకు పాకింది. ఆడవాళ్ళు చిన్న గుంపుగా బయల్దేరి లైటు ఎక్కడ లేదు, ఎక్కడ గోడ అడ్డొచ్చి అవతల మనిషి కనపడడు, అరిస్తే వినిపించే దూరంలో ఇల్లుందా, ఇవన్నీ రాసుకుంటూ వెళ్తారు. మూలమలుపు గారూ, మీరు చెప్పిన ఆ లైటు లేని సందుకి మీ ఇంజనీరుని రాత్రిపూట తీసుకెళ్ళారా? పట్టపగలు చూస్తే అది మామూలు సందే.

అద్దెగది:
నీలిగొడుగు గారి మాటకి నాదొకటి కలుపుతాను. నేను అద్దెకుంటున్నాను. మా కాలనీ సంఘంలో ఓనర్లకే సభ్యత్వం. పేటలో సగం మందికి పైగా అద్దెవాళ్ళమే ఉంటాం అనుకుంటా, అదే నల్లా, అదే రోడ్డు, అదే దోమలు, కానీ మాట మాత్రం లేదు. సంఘం ఆమోదించింది అంటే ప్రజలు ఆమోదించారు అని రాసేస్తారు.

పైగా నా టెన్షన్ వేరు. పేట బాగుపడితే అద్దె పెరుగుతుంది. పార్కు వచ్చిందని సంతోషపడాలా, వచ్చే ఏడాది ఖాళీ చెయ్యాల్సి వస్తుందేమోనని భయపడాలా? మమ్మల్ని పిలవకపోవడం ఒక అన్యాయం, మేం సాయం చేసి బాగుచేసుకున్న పేట నుంచి మేమే బయటికి పోవాల్సి రావడం ఇంకో అన్యాయం. ఈ రెండోదాని గురించి ఏ ప్లానులోనూ ఒక్క లైను ఉండదు.

తూర్పుగాలి:
అద్దెగది గారూ, మీ భయాన్ని సూటిగా ఎదుర్కొన్న ఒక చోటుంది, అమెరికాలోని బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్. ఇళ్ళు తగలబడి, కూలిపోయి, ఖాళీ స్థలాల్లో బయటివాళ్ళు తెచ్చి చెత్త పోసే పేట. 1984లో బయటి దాతలు, సంస్థలు కలిసి బాగుచేద్దామని వచ్చాయి, పాలకమండలి కూడా వాళ్ళే రాసుకొచ్చారు, అందులో నివాసులకు కొద్ది సీట్లే. సభలో జనం లేచి మీలో ఇక్కడ ఉండేవాళ్ళెంతమంది అని అడిగారు. ఆ నిర్మాణం మార్చక తప్పలేదు. మండలిలో నివాసులకే మెజారిటీ, పేటలోని నల్లజాతి, లాటినో, కేప్ వర్డీ, తెల్లజాతి సముదాయాలకి సమానంగా సీట్లు.

వాళ్ళు పెద్ద ప్లానుతో మొదలుపెట్టలేదు. ముందు ఆ చెత్త పోయడం ఆపించే ఉద్యమం చేశారు. అది గెలిచాక జనానికి నమ్మకం కుదిరి, సొంత ప్లాను వేసుకున్నారు. 1988లో నగరం వాళ్ళకి ఖాళీ స్థలాల్ని సేకరించే అధికారం ఇచ్చింది, నివాసుల సంస్థకి అలాంటిది రావడం చాలా అరుదు. ఆ భూమిని ట్రస్టు కింద పెట్టారు. ఇల్లు మనది, నేల ట్రస్టుది, అమ్మితే ధర ఒక హద్దు దాటకూడదు. అందువల్ల పేట బాగుపడ్డాక కూడా ట్రస్టు నేల మీది ఇళ్ళు మామూలు సంపాదనవాళ్ళకి అందుబాటులో నిలిచాయి.

అందరికీ ఆ చట్టాలు ఉండవు, తెలుసు. కానీ ప్లాను దశలోనే అద్దెవాళ్ళ గురించి ఒక పేజీ రాయించడం ఎక్కడైనా సాధ్యమే. సంఘం పక్కన పెట్టి, కరెంటు బిల్లు ఏ పేరు మీద ఉన్నా సరే, ఇక్కడ ఉంటున్నవాళ్ళందరికీ మాట అని మొదటి మీటింగులోనే తేల్చుకోవాలి.

ఎదురుచూపు:
చదవడానికి బాగున్నాయి గానీ నాకు నమ్మకం తక్కువ. మా దగ్గర సర్వే మీద సర్వే చేశారు. ఎవరో కాలేజీ పిల్లలు వచ్చారు, తర్వాత ఏదో సంస్థ వచ్చింది, మళ్ళీ అధికారులు. ఫారాలు నింపాం. ఏం జరిగిందో ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా కాగితం పట్టుకుని వస్తే మా అమ్మ తలుపు తియ్యదు. జనం రారు, జనానికి పట్టదు అంటారు. పట్టకపోవడం కాదు, అలిసిపోయారు.

మూలమలుపు:
ఎదురుచూపు గారూ, ఇది నేను ఆలోచించని విషయం. మా పేటలో కూడా అదే అయ్యుంటుంది. మరి అలిసిపోయినవాళ్ళని మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పిలవాలి?

పాతనక్షా:
చిన్నగా, చేత్తో ముట్టుకునేదానితో మొదలుపెట్టండి. బ్రిటన్‌లో టోనీ గిబ్సన్ అనే ఆయన 1970ల చివర్లో ఒక పద్ధతి తెచ్చాడు. పేట మొత్తాన్ని అట్టముక్కలతో నమూనా చేస్తారు, నివాసులే, తరచుగా బడిపిల్లల సాయంతో. దాన్ని ఒక చోట స్థిరంగా పెట్టకుండా బడి, గుడి, బస్సు ఆగేచోటు, ఇలా జనం ఉన్నచోటికి మోసుకెళ్తారు. పక్కన కార్డులు: లైటు కావాలి, వేగం తగ్గించాలి, చెట్టు, కూర్చునే చోటు, ఆటస్థలం. ఎవరికి ఎక్కడ ఏది కావాలో అక్కడ ఆ కార్డు పెడతారు. పేరు చెప్పక్కర్లేదు, మైకు పట్టక్కర్లేదు. కుదరదనుకుంటే ఒప్పుకోవట్లేదు అనే కార్డు పెట్టొచ్చు. తర్వాత అన్నీ తీసి ఇప్పుడు, త్వరలో, తర్వాత అని విడదీస్తారు, ఏది మనమే చేసుకోగలం, దేనికి అధికారులు కావాలి అన్నది కూడా.

అధికారులు, ఇంజనీర్లు అక్కడే ఉంటారు, కానీ అడిగితేనే మాట్లాడాలి. ఇది చాలా ముఖ్యం. కొలబద్ద గారి లాంటివాళ్ళు పక్కనుంటే, ఇక్కడ చెట్టు పెడితే కింద పైపు దెబ్బతింటుందని అప్పటికప్పుడే తెలుస్తుంది, జనం కార్డు జరుపుతారు.

నేను ఇలాంటిదే చూశాను, గోడకి అతికించిన నక్షా చదవడం రాని ముసలావిడ నమూనాలో తన ఇల్లు కనపడగానే వేలు పెట్టి, ఇదిగో వాన పడితే ఇక్కడిదాకా నీళ్ళు అని గీత గీసినట్టు చూపించింది. కాగితం నక్షా మీద ఆ గీత ఎవరూ గీయలేదు.

కొలబద్ద:
పాతనక్షా గారూ, ఆ నీళ్ళ గీత మాకు బంగారం. వరద ఎక్కడిదాకా వచ్చిందో రికార్డులు చిన్న వీధులకు ఉండవు, మేం లెక్కల మీద ఊహించుకుంటాం. ఈ పద్ధతికి నాకు అభ్యంతరం లేదు, ఇలా పిలిస్తే నేనే వస్తాను.

ఒక షరతు. బడ్జెట్ ఎంతో ముందే చెప్పండి. దాచిపెట్టి కోరికలన్నీ రాయించి, తర్వాత డబ్బుల్లేవంటే ఎదురుచూపు గారి అమ్మగారు తలుపు వెయ్యడంలో ఏ తప్పూ లేదు. ప్రతి కార్డు మీద రమారమి ఖర్చు రాసి పెట్టొచ్చు, మొత్తం ఇంత అని చెప్తే జనమే సర్దుకుంటారు. మెయింటెనెన్స్ ఖర్చు కూడా రాయండి. ఫౌంటెన్ పెట్టడం సులువు, రెండో ఏడు మోటారు కాలిపోతే బాగుచేయించేది ఎవరో ప్లానులో ఉండదు.

గోరువంక:
బడ్జెట్ మాట వచ్చింది గనక బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే గురించి చెప్పాలి. 1989లో అక్కడ నగర పెట్టుబడి ఖర్చులో ఏది ముందో జనమే తేల్చే పద్ధతి మొదలైంది. ప్రాంతాలవారీగా సభలు, అక్కడ ఎన్నుకున్న ప్రతినిధులు, ఏటా అదే క్రమం. గట్టిగా అడిగినవాళ్ళకే ఇవ్వకుండా ఒక లెక్క పెట్టుకున్నారు: జనాభా ఎంత, సౌకర్యాల లోటు ఎంత, ఆ ప్రాంతం దేనికి ముందు ఓటేసింది. లోటు ఎక్కువున్న పేటకి ఎక్కువ. దానివల్లే పేదవాళ్ళు సభలకి రావడం మొదలుపెట్టారు, వస్తే కాలువ వస్తుందని కళ్ళారా చూశారు కాబట్టి. తర్వాత ఇది ప్రపంచమంతా పాకింది, పారిస్ 2014లో మొదలుపెట్టింది.

రెండో సగం కూడా చెప్పాలి. పాలకపక్షాలు మారాక పోర్టో అలెగ్రేలోనే అది బలహీనపడుతూ వచ్చి 2017లో ఆగిపోయింది. కాబట్టి మంచి అధికారి దొరికాడు కదా అని ఆగిపోకండి, చట్టంలోనో కనీసం తీర్మానంలోనో ఎక్కించుకోండి. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలైనప్పుడు ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకి ఇవ్వాలని నిర్ణయించారు. చేతిలో డబ్బు ఉంది గనకే గ్రామసభలో మాటకి విలువ వచ్చింది. మన రాజ్యాంగంలో కూడా పట్టణ పాలక సంస్థల గురించిన 74వ సవరణ, 1993 నుంచి అమల్లో ఉంది, జనాభా మూడు లక్షలు, ఆపైన ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. మీ వార్డుకి కమిటీ ఉందా, చివరిగా ఎప్పుడు కూర్చుంది అని అడగడం మీ హక్కు.

నీలిగొడుగు:
గోరువంక గారూ, ఒక్క జాగ్రత్త. ఓటింగుకే వదిలేస్తే ఎక్కువమంది వాడేదే గెలుస్తుంది. చక్రాల కుర్చీకి ర్యాంపు కావాలని అడిగేవాళ్ళు పేటలో ఇద్దరే ఉండొచ్చు, వాళ్ళు ఓటులో ఎప్పటికీ ఓడిపోతారు. అలాంటివి ఓటుకి పెట్టకూడదు, ముందే ప్లానులో ఉండాలి.

అద్దెగది:
వాట్సాప్ పోల్ పెట్టేసి అయిపోయిందనుకునేవాళ్ళకి కూడా ఇదే చెప్పండి. గ్రూపులో లేనివాళ్ళు పేటలో లేనట్టు కాదు. అదే ఫోనుని మంచికి వాడొచ్చు, నైరోబీలోని కిబెరా బస్తీ 2009 దాకా నక్షాలో దాదాపు ఖాళీగా కనపడేది, అక్కడి కుర్రాళ్ళే జీపీఎస్ పట్టుకుని తిరిగి దారులు, కుళాయిలు, ఆస్పత్రులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా చేర్చగల ఉచిత ఆన్‌లైన్ నక్షాలోకి ఎక్కించారు. మన సందులు కూడా చాలా వరకు అందులో లేవు.

మూలమలుపు:
అందరికీ చాలా థాంక్స్. ఇవాళ మా వీధిలో కొందరం కూర్చుని మాట్లాడుకున్నాం, అద్దెకుండే రెండు కుటుంబాలు కూడా వచ్చాయి. అనుకున్నది ఇది. ప్లానులో ఏది మారుతుంది, బడ్జెట్ ఎంత, గడువు ఎప్పుడు అని ముందు రాతపూర్వకంగా అడుగుతాం. జవాబు వచ్చేలోపు అట్టలతో నమూనా పని మొదలుపెడతాం, బడిపిల్లలు రెడీగా ఉన్నారు. రాత్రి నడకకి మా వదిన, ఆవిడ స్నేహితులు ముందుంటామన్నారు, ఇంజనీరుని కూడా రమ్మంటాం. మీటింగు ఒకటే కాకుండా వేర్వేరు వేళల్లో, కింద అంతస్తులోనే. ఖాళీ స్థలంలో చెత్త ఆపడం మాత్రం ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, అది మేమే మొదలుపెడుతున్నాం.

ఎదురుచూపు:
ఇంకొక్కటి చేర్చండి. ఎవరేం అడిగారు, దానికి అవునా కాదా, కాదంటే ఎందుకు, ఇది ఒక పెద్ద కాగితం మీద రాసి పేటలో అందరికీ కనపడేచోట అతికించండి. కాదన్నా పర్లేదు, కారణం చెప్తే చాలు. మా అమ్మని అడిగాను, అలా అతికిస్తే తలుపు తీస్తానంది.

కొలబద్ద:
ఆ కాగితానికి నాలుగు గడులు పెట్టండి: అడిగినది, జవాబు, కారణం, ఎవరు ఎప్పటిలోగా చేస్తారు. మా ఆఫీసు ఫార్మాటు నా దగ్గర ఉంది, పేట భాషలోకి మార్చి ఇక్కడే పోస్టు చేస్తాను. మూలమలుపు గారూ, మీ నమూనాలో ఎత్తుపల్లాలు చూపించాలంటే అట్టల్ని పొరలు పొరలుగా అతికించండి, నీళ్ళు ఎటు పోతాయో పిల్లలకి కూడా అర్థమవుతుంది.